సింగిల్ యాక్షన్ రివాల్వర్ కొనాలి: ఏ పిడి ఎవరి చేతికి?

ప్లేనో సుబ్బు (టెక్సస్)

అందరికీ నమస్కారం. గ్రీన్ కార్డు వచ్చింది, మొదటి తుపాకీ కొనబోతున్నాను. ఎందుకో తెలీదు, మనసు సింగిల్ యాక్షన్ మీదే ఉంది, అంటే ప్రతి గుండుకీ వెనకున్న హ్యామర్‌ని (దెబ్బ కొట్టే సుత్తిని) బొటనవేలితో లాగి కాల్చే రివాల్వర్. ఇంటి రక్షణకి కాదు, నడుముకి కట్టుకుని తిరగడానికీ కాదు. శనివారాలు రేంజికెళ్లి కాగితం మీదా, ఇనప పలకల మీదా కాల్చుకోవడానికి. కుదిరితే తర్వాత కౌబాయ్ పోటీలు.

నిన్న షాపులో మూడు పట్టుకుని చూశాను. రూగర్ న్యూ వకేరో, బ్లాక్‌హాక్ బిస్లీ, సూపర్ బ్లాక్‌హాక్. ఒకే కంపెనీ, లోపలి యంత్రం కూడా దాదాపు ఒకటేనట. చేతిలో మాత్రం మూడూ మూడు రకాలు. వకేరో మీద నా చిటికెన వేలికి చోటు దొరకలేదు, గాల్లో వేలాడింది. సూపర్ బ్లాక్‌హాక్ నిండుగా ఉంది. బిస్లీ నిటారుగా, ఏదో కొత్తగా అనిపించింది. కౌంటర్లో కుర్రాణ్ని అడిగితే "పిడిదేముంది సార్, అలవాటైపోతుంది" అన్నాడు. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు.

బడ్జెట్ వెయ్యి డాలర్ల లోపు. తూటా సైజు .357 తీసుకోవాలా, .45 కోల్టా అన్నది కూడా తేలలేదు. పెద్దలు చెప్పండి.

రేంజి మాస్టారు (టక్సన్, అరిజోనా)

సుబ్బు గారూ, ఆ కుర్రాడి మాట పక్కన పెట్టండి. సింగిల్ యాక్షన్‌లో సగం బేరం పిడి దగ్గరే తేలుతుంది. డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ లేచే) రివాల్వర్‌కి రబ్బరు గ్రిప్ మార్చుకుంటే ఆకారమే మారిపోతుంది. ఇక్కడ అలా కుదరదు. లోహపు చట్రమే పిడి ఆకారం. పక్కల వేసే చెక్కలు మార్చి లావు తగ్గించుకోవచ్చు, వంపు మాత్రం మారదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ పిడి అప్పటికే పాతది. 1851 నేవీ రివాల్వర్‌కి ఉన్న ఆకారమే దీనికీ పెట్టారు. నాగలి మేడిలా కిందికి వంగి ఉంటుంది. 1860 ఆర్మీ మోడల్‌కి అదే వంపు, పొడుగు మాత్రం కాస్త ఎక్కువ. మీ చిటికెన వేలి సమస్య ఈనాటిది కాదన్నమాట, నూట యాభై ఏళ్ల నాటిది. ఇటలీలో ఉబెర్టీ, పియెట్టా వాళ్లు చేసే నకళ్లలో 1860 పొడుగు పిడితో వచ్చేవి కూడా ఉన్నాయి, చూడండి.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి కోల్ట్ ఈ మోడల్ ఆపేసింది. యుద్ధం తర్వాత టీవీలో కౌబాయ్ కథలు మొదలై జనం అడగడం మొదలెట్టారు. ఆ ఖాళీలోకి రూగర్ దూరాడు. 1953లో .22 సింగిల్-సిక్స్, 1955లో .357 బ్లాక్‌హాక్. ఆ రెండింటి పిడి కోల్ట్ కొలతలకి దగ్గరగా ఉండేది, దాన్నే ఎక్స్‌ఆర్3 అంటారు. 1963లో ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) వెనక వేలికి కాస్త చోటిచ్చి ఎక్స్‌ఆర్3-రెడ్ చేశారు. ఇవాళ మామూలు బ్లాక్‌హాక్ మీద ఉండేది ఇదే. 2005లో వచ్చిన న్యూ వకేరో మళ్లీ పాత చిన్న ఎక్స్‌ఆర్3 కొలతకి వెళ్లిపోయింది. మీరు పట్టుకున్నది అదే. కాబట్టి వెనక్కి వెళ్లి మామూలు బ్లాక్‌హాక్ కూడా ఒకసారి పట్టుకోండి. తేడా కంటికి పెద్దగా ఆనదు, మధ్య వేలికి తెలుస్తుంది.

సూపర్ బ్లాక్‌హాక్ 1959 నాటిది, .44 మాగ్నమ్ కోసం చేసింది. దాని పిడి పాత కోల్ట్ డ్రాగూన్ రివాల్వర్ పద్ధతి: పొడుగు, ఉక్కు, ట్రిగ్గర్ గార్డ్ వెనక వైపు చదరం. చెయ్యి నిండుతుంది. కానీ కొందరి చేతుల్లో ఆ చదరపు మూల మధ్య వేలి కణుపు మీద కొడుతుంది. షాపులో పట్టుకున్నప్పుడు ఇది బయటపడదు, కాలిస్తేనే తెలుస్తుంది.

సిద్దిపేట శీను (హ్యూస్టన్)

మాస్టారు బిస్లీని ఎగ్గొట్టిండు! అది నేను చెప్తా.

సుబ్బన్నా, గన్ను పేలంగనే ఏమైతదో ముందుగాల సమజ్ చేస్కో. మేడి పిడి అయితే చేతిల గుండ్రంగ తిరుగుతది. బ్యారెల్ పైకి లేస్తది, పిడి అరచేతిల జారి కిందికి పోతది. తన్ను (వెనక్కి కొట్టే దెబ్బ) అంతా ఆ తిరుగుడులనే అయిపోతది కాబట్టి చిన్న లోడ్లకు, అంటే మందు తక్కువున్న తూటాలకు, హాయిగుంటది. గట్టి లోడ్లు వేసినవనుకో, మస్తు తిరుగుతది. ప్రతి రౌండుకు చెయ్యి మల్ల సర్దుకోవాలె. హ్యామర్ ముల్లు బొటనవేలు మొదట్ల గీరుతది.

బిస్లీ వెనక పట్టీ నిటారుగ పైదాక వస్తది. చెయ్యి మీదికి, బ్యారెల్‌కు దగ్గర కూసుంటది. పేలితే పైకి లేసుడు తక్కువ, సీద వెనక్కి నూకుడు ఎక్కువ. హ్యామర్ కూడ కిందికుంటది, బొటనవేలికి జల్ది అందుతది. నేను .44 మాగ్నమ్ల 240 గ్రెయిన్ల (గుండు బరువు) ఫుల్ లోడ్లు కొడ్త. బిస్లీ తప్ప ఇంకోటి ముట్ట.

అరుణ (ఫీనిక్స్)

శీను తమ్ముడూ, నీ .44 సంగతి సరే. సుబ్బు గారు కాగితం మీద, పలకల మీద కాల్చుకుంటామంటున్నారు. ఆయనకి అంత తన్నే ఉండదు కదా! చిన్న లోడ్లకి బిస్లీ ఎందుకు?

నేను కౌబాయ్ పోటీల్లో న్యూ వకేరో జంట వాడతాను, .357వి, .38 స్పెషల్ తేలిక లోడ్లతో. నా చేతులు చిన్నవి. బిస్లీ పట్టుకుంటే నా చూపుడు వేలు ట్రిగ్గర్ మీద సగమే పడుతుంది. సూపర్ బ్లాక్‌హాక్ అయితే చెప్పక్కర్లేదు. ఎక్స్‌ఆర్3 మాత్రం నాకు కుట్టించుకున్న జాకెట్టులా సరిపోయింది.

ఇంకో మాట. హ్యామర్‌కి బొటనవేలు అందాలి అని అందరూ అంటారు, అది ఒంటి చేత్తో కాల్చేవాళ్లకి. రెండు చేతులతో పట్టుకుంటే హ్యామర్ లాగేది ఎడమ బొటనవేలు. కుడి చెయ్యి పట్టు అసలు కదలదు. పోటీల్లో ఎక్కువమంది చేసేది ఇదే. కాబట్టి షాపులో మీరు ఎలా కాల్చబోతున్నారో అలాగే పట్టుకుని చూడండి. ఒంటి చేత్తో పట్టుకుని చూసి, రెండు చేతులతో కాల్చేవాళ్లు చాలామంది తప్పు పిడి కొంటారు.

అనంతపురం అప్ప (కొలరాడో)

అందరూ రూగర్ రూగర్ అంటాండారు, ఒక కోల్ట్ అభిమాని మాట కూడా ఇనండప్పా.

బిస్లీ అంటే రూగర్ కనిపెట్టిందేం కాదు. ఇంగ్లండులో సర్రే దగ్గర బిస్లీ అని రేంజి ఉంది, పోటీలకి పేరు మోసింది. ఆ పోటీల కోసరమని కోల్ట్ వాళ్లు 1894లో బిస్లీ మోడల్ తెచ్చినారు. పిడి ఇంకా కిందికి వంచి, హ్యామర్ దించి, ట్రిగ్గర్ వెడల్పు చేసినారు. దాన్ని నిలకడగా, చేయి చాచి, గురి చూసి కొట్టేదానికి చేసినారు గానీ తన్ను తగ్గించేదానికి కాదు. రూగర్ బిస్లీ 1980లలో వచ్చింది. పేరు అదే గానీ ఆకారం అదే కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కోల్ట్‌ది వెనక మూపురం మాదిరి ఎత్తు లేసి ఉంటాది, రూగర్‌ది తిన్నగా ఉంటాది. 1920ల చివర ఎల్మర్ కీత్ అనే తుపాకుల రచయిత తన కోసరం చేయించుకున్న 5వ నంబరు రివాల్వర్‌లో బిస్లీ వెనక పట్టీని సర్ది, ముందు వైపు మామూలు సింగిల్ యాక్షన్‌ది పెట్టించినాడు. రూగర్‌ది దానికే దగ్గర.

ఇంక కోల్ట్ హ్యామర్ నాలుగు క్లిక్కులు ఇన్నోళ్లకి వేరేది రుచించదు. రూగర్‌లో ఆ పాట లేదు. ఇది లెక్కలోకి రాదని నాకూ తెలుసు, అయినా చెప్తాండా.

ఓహాయో కుర్రోడు

అన్నయ్యలూ, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను హెచ్1బీ మీద ఉన్నాను. నేను కొనుక్కోవచ్చా? ఫ్రెండ్ దగ్గరున్నది రేంజిలో కాల్చచ్చా?

రేంజి మాస్టారు

తమ్ముడూ, ఇది తేలిగ్గా తీసుకోకు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బీ, ఎఫ్1 అన్నీ అందులోకే వస్తాయి. కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ముఖ్యమైంది. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు. ఫ్రెండు తుపాకీ రేంజిలో చేతిలోకి తీసుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే రావచ్చు. 2022 చట్టం తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు, పైగా ఇమ్మిగ్రేషన్ మొత్తం గోవిందా. ఫోరంలో మా మాట విని కాదు, లాయరుతో మాట్లాడి ముందుకెళ్లు.

అప్ప గారి కొలరాడో లాంటి చోట్ల ఉన్నవాళ్లకి ఇంకో మాట. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే అయినా ఫెడరల్ లెక్కలో కాదు. అదే ఫారంలో గంజాయి వాడతారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది.

సిద్దిపేట శీను

ఇండియాల ఉన్న మా బావ అడుగుతుండు, ఇక్కడ కొని అటు తీస్కపోవచ్చా అని 😀

రేంజి మాస్టారు

మీ బావకి నా నమస్కారాలు చెప్పి, ఆ ఆలోచన మానుకోమనండి. అక్కడ 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేనిదే ఏదీ కుదరదు. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యని కూడా మూడు నుంచి రెండుకి తగ్గించారు. మళ్లీ పిడి దగ్గరికి వద్దాం.

ప్లేనో సుబ్బు

అందరికీ థాంక్సండీ. అరుణ గారు చెప్పింది నాకు తట్టనే లేదు, నేను షాపులో ఒంటి చేత్తోనే పట్టుకున్నాను. ఇంకో సందేహం. సింగిల్ యాక్షన్‌లో అయిదు రౌండ్లే పెట్టాలి, ఆరోది ఖాళీగా ఉంచాలి అంటారు. షాపులో అబ్బాయి ఆరూ పెట్టుకోవచ్చన్నాడు. ఏది నిజం?

అనంతపురం అప్ప

రెండూ నిజమే, ఏ తుపాకీ అనేదాన్ని బట్టి.

కోల్ట్‌లో, పాత పద్ధతి ఇటలీ నకళ్లలో ఫైరింగ్ పిన్ను (తూటాని పొడిచి పేల్చే ముల్లు) హ్యామర్‌కే ఉంటాది. హ్యామర్ దించి పెడితే ఆ పిన్ను తూటా ప్రైమరు (అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) మీదనే ఆనుకొని ఉంటాది. కింద పడితే, హ్యామర్ మీద దెబ్బ తగిలితే, పేలిపోతాది. మొదటి క్లిక్కుని సేఫ్టీ అంటారు గానీ దాన్ని నమ్మకూడదు, పెద్ద దెబ్బకి ఆ గాటు విరుగుతాది. అందుకే అయిదు. నింపే పద్ధతి: హ్యామర్ రెండో క్లిక్కు దాకా లాగు, గేటు (తూటాలు పెట్టే పక్క తలుపు) తెరువు, ఒకటి పెట్టు, ఒకటి వదులు, నాలుగు పెట్టు. గేటు మూసి హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగా దించు. ఖాళీ ఛాంబర్ (తూటా గది) మీద కూచుంటాది. నమ్మకం కుదరకుంటే పక్క నుంచి తూటాల అంచులు చూసుకో, హ్యామర్ కింద అంచు కనపడకూడదు.

రూగర్ 1973 నుంచి ట్రాన్స్‌ఫర్ బార్ పెట్టినాడు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటేనే ఆ బార్ పైకి లేచి హ్యామర్ దెబ్బని పిన్నుకి అందిస్తాది. ట్రిగ్గర్ నొక్కకుంటే హ్యామర్ పిన్నుని తాకదు. అందులో ఆరూ పెట్టుకోవచ్చు. నింపేటప్పుడు హ్యామర్ ముట్టే పనే లేదు, గేటు తెరిస్తే సిలిండర్ (తూటాల చక్రం) తిరుగుతాది.

పాత సరుకు కొనేటోళ్లు జాగ్రత్త. 1973కి ముందరి రూగర్లకి ఈ బార్ లేదు. కంపెనీకి పంపితే డబ్బు తీసుకోకుండా కొత్త భాగాలు వేసి, పాత భాగాలు సంచిలో పెట్టి తిరిగి ఇస్తారు. ఆ సంచి పారేయొద్దండి, పాతవి సేకరించేటోళ్లు దానికి విలువ కడతారు.

అరుణ

పోటీల్లో మాత్రం ఏ తుపాకీ అయినా అయిదే, హ్యామర్ ఖాళీ మీదే ఉండాలి. లోడింగ్ టేబుల్ దగ్గర పక్కవాళ్లు చూసి సరే అనాలి. రూగర్ అయినా సరే, ఇంట్లో మొదటి రోజు నుంచే అయిదు అలవాటు చేసుకోండి.

న్యూ వకేరోలో నాకు నచ్చిన చిన్న విషయం ఇంకోటి ఉంది. దీనికి ముందరి న్యూ మోడల్ (1973 తర్వాతి) రూగర్లలో సిలిండర్ తిప్పుతూ క్లిక్ దగ్గర ఆపితే ఛాంబర్ గేటుకి ఎదురుగా ఉండదు, కొంచెం దాటిపోయి ఉంటుంది. వెనక్కి తిప్పుదామంటే తిరగదు, మళ్లీ చుట్టూ తిప్పుకు రావాలి. న్యూ వకేరోలో దీన్ని సరిచేశారు, క్లిక్ అన్నచోట ఛాంబర్ ఎదురుగా ఉంటుంది. గడియారం నడుస్తున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

రీలోడు రంగడు (మిస్సోరీ)

క్యాలిబర్ గురించి ఎవరూ ఎత్తుకోలేదు, ఆ పని నాకు వదిలేశారన్నమాట.

సుబ్బు గారూ, తూటాలు ఇంట్లో తయారుచేసుకునే ఉద్దేశం లేకపోతే .45 కోల్ట్ జోలికి వెళ్లకండి. పెట్టె ధర చూస్తే గుండె ఆగుతుంది. .357 కొంటే .38 స్పెషల్ కూడా అందులోనే కాల్చవచ్చు, రోజువారీకి అదే చవక. ఒక్కటే పని: .38 కేసు (తూటా ఇత్తడి గొట్టం) పొట్టిది కాబట్టి ఛాంబర్‌లో దాని మూతి దగ్గర మసి వలయం కడుతుంది. బ్రష్‌తో గీకకపోతే తర్వాత .357 కేసు లోపలికి పూర్తిగా దిగదు.

లెక్కలు కావాలంటే: మామూలు .45 కోల్ట్‌కి గరిష్ఠ పీడనం 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .357కి 35,000. .44 మాగ్నమ్‌కి 36,000. .45 అంటే పెద్దది, భయంకరమైనది అనుకుంటారు గానీ మామూలు లోడు అయితే అది నెమ్మదస్తుడు. బరువైన సీసం, మెల్లగా తోస్తుంది. ఆ తోపుకి మేడి పిడి చక్కగా కుదురుతుంది, ఎందుకంటే 1873 కోల్ట్‌లో ఆ రెండూ కలిసే వచ్చాయి.

కాకపోతే రీలోడింగ్ పుస్తకాల్లో .45 కోల్ట్‌కి "రూగర్‌లో మాత్రమే" అని వేరే పట్టిక ఉంటుంది, చాలా గట్టి లోడ్లు. అది బ్లాక్‌హాక్‌కీ, 1993 నాటి పెద్ద ఫ్రేము వకేరోకీ మాత్రమే. న్యూ వకేరో ఫ్రేము చిన్నది, అందులో ఆ లోడ్లు వేయకూడదు. పేరు చూసి రూగరే కదా అనుకోకండి. కోల్ట్‌లో, ఇటలీ నకళ్లలో అసలు తలపెట్టకండి. ఆ గట్టి లోడ్లు కొట్టే రోజు వస్తే మాత్రం శీను చెప్పినట్టు బిస్లీ పిడే.

సిద్దిపేట శీను

చూసినవా అక్కా! రంగన్న నా దిక్కే.

అరుణ

"ఆ రోజు వస్తే" అన్నారు తమ్ముడూ. పూర్తిగా చదువు.

రేంజి మాస్టారు

మీ ఇద్దరి తగువూ తీర్చను గానీ, శీను మాటలో ఒకదానితో నేను ఒప్పుకోను. తన్ను తగ్గించేది బిస్లీయే అని ఏం లేదు. ఫ్రీడమ్ ఆర్మ్స్ వాళ్ల మోడల్ 83 చూడండి. 1983 నుంచి వ్యోమింగ్‌లో చేస్తున్నారు, .454 కసుల్. దాని పీడనం .44 మాగ్నమ్ కన్నా చాలా ఎక్కువ, అయినా పిడి చూస్తే మేడి వంశమే, బిస్లీ కాదు. వంపు కోణం, వెనక పట్టీ వెడల్పు సరిచేసుకున్నారు, అంతే. ఆ పిడి చేతిలో తిరుగుతుంది, కావాలనే తిరగనిస్తారు. కొందరికి ఆ తిరుగుడే ఇష్టం, ఎందుకంటే దెబ్బ మణికట్టు దాకా పోదు. బిస్లీలో పోతుంది. మోచేతి నొప్పి ఉన్నవాళ్లు ఈ తేడా గమనించాలి. నాకు అరవై దాటాయి, నాకు ఇది బాగా తెలుసు.

సుబ్బు గారి చిటికెన వేలి సంగతికి వస్తే, దాన్ని పిడి మీద పెట్టాలనే రూలేం లేదు. మడిచి పిడి అడుగున పెట్టండి. పాత కాలం నుంచి చాలామంది పద్ధతి అదే. మొదట ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత ఆ వేలు కింద నుంచి మేకులా ఆపుతుంది, పిడి కిందికి జారదు.

అనంతపురం అప్ప

బర్డ్స్‌హెడ్ పిడి ఎవరూ అనలేదు. కోల్ట్ 1877 డబుల్ యాక్షన్ మోడళ్ల మీద ఉండేది అది. అడుగు భాగం పక్షి తల మాదిరి గుండ్రంగా లోపలికి తిరిగి ఉంటాది. కోటు కింద దాచుకునేదానికి బాగుంటాది, చూసేదానికి ముద్దుగా ఉంటాది. సుబ్బు పనికి అక్కరలేదు. దాటేద్దాం.

రీలోడు రంగడు

చెక్కల గురించి ఒక మాట చెప్పి ఊరుకుంటాను. పిడి కొంచెం నచ్చకపోతే తుపాకీ అమ్మేయకండి, ముందు చెక్కలు చూడండి. చాలావాటికి కంపెనీ చెక్కలు అడుగున లావుగా ఉంటాయి. పైన సన్నగా, కింద లావుగా ఉన్న పిడి పేలినప్పుడు చేతిలో ఇరుక్కుంటుంది, తిరగదు. అడుగు పల్చగా ఉంటే హాయిగా జారుతుంది. నేను చేసేది: ఫ్రేముకి మాస్కింగ్ టేపు నాలుగు వరసలు చుడతాను, చెక్కలు బిగిస్తాను, అడుగు మూల నుంచి 120 గరుకు కాగితంతో మొదలుపెట్టి మెల్లగా అరగదీస్తాను. ప్రతి కాసేపటికి టేపు తీసి చేత్తో పట్టుకుని చూస్తాను. కళ్లు మూసుకుని పట్టుకోవాలి, చూస్తూ పట్టుకుంటే చెయ్యి అబద్ధం చెబుతుంది. చివర్లో 400, ఆ తర్వాత నూనె.

ఎక్స్‌ఆర్3 చెక్కలు ఎక్స్‌ఆర్3-రెడ్‌కి సరిగా కూర్చోవు, అటుది ఇటూ కాదు. ఆన్‌లైన్లో కొనేటప్పుడు మోడల్ పేరు కాదు, ఏ ఫ్రేమో చూసి కొనండి. 2019లో వచ్చిన చవక .22 రాంగ్లర్‌కి మాత్రం సింగిల్-సిక్స్ చెక్కలే పడతాయి. చెక్కపని నేర్చుకోవాలంటే దాని మీద చేయండి, పాడైనా ఏడవక్కర్లేదు.

రేంజి మాస్టారు

దీనికి తోడు: ఇక్కడి పొడి ఎండకి చెక్క కుంచించుకుపోయి ఫ్రేము అంచు బయటికి తేలుతుంది. హ్యూస్టన్ ఉక్కకి ఉబ్బుతుంది. మీ ఊళ్లోనే కొన్నాళ్లు ఉంచాకే అరగదీయండి.

ప్లేనో సుబ్బు

రిపోర్టు పెడుతున్నా. మా దగ్గర ఒక రేంజిలో న్యూ వకేరో .357 అద్దెకిస్తారు. ఆఫీసులో ఒకాయనది బిస్లీ, అది కూడా .357యే. ఇద్దరం కలిసి వెళ్లాం.

.38తో వకేరో: చిటికెన వేలు అడుగున మడిచాను. మొదటి సిలిండర్ వంకరటింకరగా వెళ్లింది. రెండోదానికి చెయ్యి దారిలో పడింది. పేలినప్పుడు బ్యారెల్ లేచి, హ్యామర్ తనంతట తనే బొటనవేలి దగ్గరికి వచ్చినట్టయింది. రెండు చేతులతో పట్టుకున్నా ఎడమ బొటనవేలికి తేలిగ్గా అందింది. అదే .38 బిస్లీలో వేస్తే ఏమీ తెలియలేదు, బాగుంది కానీ చప్పగా ఉంది. అప్ప గారి మాటల్లో చెప్పాలంటే పాట లేదు.

.357 పూర్తి లోడుతో తారుమారైంది. వకేరోలో ప్రతి రౌండుకీ పట్టు జారి, ముంజేయి కదిలింది. బిస్లీ గుద్దింది కానీ కదల్లేదు, గుళ్లు కూడా దానితోనే దగ్గరగా పడ్డాయి. శీను తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం.

మామూలు బ్లాక్‌హాక్ కూడా షాపులో పట్టుకున్నాను మాస్టారూ. నా మధ్య వేలికి నిజంగానే తేడా తెలిసింది. కానీ పైన సర్దుబాటు సైట్లు, పొడుగు ఫ్రేము చూశాక కౌబాయ్ బొమ్మ చెదిరిపోయింది. కాబట్టి న్యూ వకేరో .357 తీసుకుంటున్నా. నేను కాల్చేవి నూటికి తొంభై .38లే.

సిద్దిపేట శీను

సరే తియ్ అన్నా. సంవత్సరం తిరిగేసరికి బిస్లీ కొంటవ్, రాసిపెట్టుకో.

రేంజి మాస్టారు

అభినందనలు. వకేరోవి కదలని సైట్లు. పైన గాడి, ముందు పలక, అంతే. మీ లోడుతో కిందికి పడుతుంటే ముందు పలకని ఆకురాయితో కొంచెం కొంచెం తగ్గిస్తే గురి పైకి వస్తుంది. ఒకసారి అరగదీశాక తిరిగి రాదు కాబట్టి, ముందు ఏ తూటా వాడతారో నిర్ణయించుకుని, కనీసం కొన్ని పెట్టెలు కాల్చాకే ఆకురాయి పట్టండి.

ప్లేనో సుబ్బు

చివరి ప్రశ్న. షాపులో రెండు పొడుగులున్నాయి: 4⅝ అంగుళాలు, 5½ అంగుళాలు. పొట్టిది చేతిలో చురుగ్గా ఉంది. ఏది తీసుకోమంటారు?

అరుణ

కొత్తవాళ్లకి 5½. కారణం గురి కాదు, కాల్చిన కేసుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ కడ్డీ. 4⅝ బ్యారెల్ కింద కడ్డీ కూడా పొట్టిదే. .357 కేసు పొడుగు కాబట్టి కడ్డీ పూర్తిగా నొక్కినా కేసు మొత్తం బయటికి రాదు, చివర్లో గోటితో లాగాల్సి వస్తుంది. .38 అయితే ఫరవాలేదు. 5½లో ఆ బెడద లేదు. షాపులో ఉన్నప్పుడే, అడిగి, ఖాళీ కేసులు ఆరు పెట్టి కడ్డీ నొక్కి చూడండి. పొట్టిదే కావాలనిపిస్తే తూటాలు .38కే పరిమితం చేసుకోండి. మా క్లబ్బులో ఇద్దరు ముగ్గురు అలాగే చేస్తున్నారు.